మునిరత్నమ్మ చూపించిన పని

ఈ రోజు ఇంకా తెల్లారకముందే చలేస్తోందని లేచి, శాలువా కోసం బీరువా తలుపు తీశాను. సీతాఫలాల వాసన గుప్పుమంది. మొన్న తొరపాడి రోడ్డు పక్కన బుట్టెడు కాయలు కొని, పాత పేపర్లలో చుట్టి, కింది అరలో నేనే పెట్టాను. పెట్టిన సంగతే మరిచిపోయాను. మంచం మీద నుంచి మా ఆయన కళ్లు తెరవకుండానే, "ఇవాళ కూడా నా చొక్కాలన్నీ పండిపోయినట్టున్నాయే" అన్నాడు. పెళ్లయిన దగ్గర నుంచి ఈ కాలం రాగానే ఆయన పెట్టే ఫిర్యాదే ఇది. లోకమంతా సీతాఫలాలను బియ్యం డబ్బాలో పెడుతుందనీ, బట్టల బీరువాలో పెట్టే మనిషిని తాను ఎక్కడా చూడలేదనీ అంటాడు. లోకానికి మునిరత్నమ్మ తెలియదు, అదీ సంగతి. ఆయనకూ ఆమె చివరి రోజుల్లోనే తెలుసు కాబట్టి, చొక్కాల విషయంలో నేను ఆయన మాట పెద్దగా పట్టించుకోను.

వేలూరు నుంచి బస్సెక్కితే గంట దాటాక వచ్చే గుడియాత్తంలో, నా మొదటి ఉద్యోగం రోజుల్లో, నేను అద్దెకున్న మిద్దె గది ఆమెది. కింద ఆమె, పైన నేను. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరి వరకు పోయేది. ముక్కుకు రెండు వైపులా ముక్కుపుడకలు, నడుముకు తాళాల గుత్తి. ఆ వీధిలో మగ్గాల మీద నేసిన లుంగీలను కట్టలు కట్టించి వేలూరు అంగళ్లకు పంపే వ్యాపారం చేసేది. భర్త నాయుడు పోయాక ఆమే నడుపుతోందని నాతో ఎవరో చెబితే, పక్కనున్న మనిషి, "ఆయప్ప ఉన్నప్పుడు మాత్రం ఎవురు నడిపినారు?" అని సవరించాడు.

నాది తెనాలి. బ్యాంకు పరీక్ష రాసి గెలిచాను గానీ తమిళనాడులో వేస్తారని కలలో కూడా అనుకోలేదు. ఇంటి ఓనరు తెలుగావిడ అని తెలిసి ప్రాణం లేచొచ్చింది. మొదటి రోజే "నమస్కారం పిన్నిగారూ" అన్నాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూసి, "పిన్నీ అనేది సరి. కడాసిలో ఆ గారూ ఎందుకమ్మా?" అంది. కడాసి అంటే చివర. ఆమె తెలుగు అలా ఉండేది. సగం దూరం తెలుగులో నడిచి మిగతా సగం తమిళం ఎక్కేసేది. వాళ్ల పెద్దలు ఈ ఊరికి ఎప్పుడు వచ్చారని అడిగితే, "ఎవురో ఒగ రాజు పిలిచినాడంట, వచ్చినాం. ఇంగ పొమ్మని ఎవురూ చెప్పల్యా" అనేది. ఒకసారి నా చేతిలో వారపత్రిక చూసి, తీసుకుని, తిరగేసి, తలకిందులుగా కూడా పట్టుకుని చూసింది.

"ఇదేం భాషమ్మా? అంతా గుండ్రంగా ఉండాది."

"తెలుగు, పిన్నీ. మన భాషే."

"నాకు తెలుగు వస్తాది. ఇది రాలేదే" అంటూ, తప్పు పత్రికదే అన్నట్టు నా చేతికి తిరిగిచ్చేసింది.

ఆ ఊళ్లో నేను ఉండనని మొదటి వారమే నిర్ణయించుకున్నాను. మా నాన్న సలహా మీద సొంత రాష్ట్రానికి బదిలీ కోసం దరఖాస్తు పెట్టేశాను. ఆర్డరు ఏ రోజైనా రావచ్చు కాబట్టి సూట్‌కేసు ఖాళీ చేయలేదు. మంచం కింద నుంచి దాన్ని లాగడం, ఓ జత తీయడం, మళ్లీ తోసేయడం. త్వరలో వదిలిపోయే ఊరి వీధుల పేర్లు ఎందుకని అవీ నేర్చుకోలేదు. సాయంత్రమయ్యేసరికి నాన్న ఫోను. "ఆర్డరు వచ్చిందా అమ్మా?" రాలేదనేదాన్ని. ఇద్దరం నిట్టూర్చేవాళ్లం. నిద్ర సరిగా పట్టేది కాదు, తిన్నది ఏమిటో గుర్తుండేది కాదు. ఉన్న చోట లేను, పోవాల్సిన చోటికి పోలేదు. నిజం చెప్పాలంటే చాలా దిగులుగా ఉండేది.

గదిలో ఓ ఇనుప బీరువా ఉండేది. కుళాయి కారుతోందంటే చూడ్డానికి పైకొచ్చిన మునిరత్నమ్మ, అడగకుండానే దాని తలుపు తీసి చూసింది.

"బీరువా సుమ్మా ఖాళీగా ఉండాదే. నీ గుడ్డలు యాడ?"

"సూట్‌కేసులో ఉన్నాయి పిన్నీ. బదిలీ వస్తుంది కదా."

"సరి" అని దిగిపోయింది. మరునాడు నేను బ్యాంకు నుంచి వచ్చేసరికి బీరువా నిండా సీతాఫలాలు. తిరుపత్తూరులో ఉన్న కూతురు బస్సులో వేసి పంపిందట. పేపర్ల మధ్య పచ్చి కాయలు అరలన్నిట్లో వరసగా కూర్చుని ఉన్నాయి. ఇదేమిటి పిన్నీ అంటే, "గుడ్డలు పెట్టెలో ఉండాయి, కాయలన్నా బీరువాలో ఉండనీ. ఖాళీగా పెడితే ఇంటికి మంచిది కాదు" అంది. ఇక రోజూ సాయంత్రం పైకొచ్చి, ఒక్కొక్క కాయనూ బొటనవేలితో నొక్కి చూసేది. "ఇది రేపటికి. ఇది ఎల్లుండికి. ఇది నీ మాదిరి, ఇంగా గట్టిగా ఉండాది" అనేది. వాసన బీరువాలోంచి బయటికొచ్చి సూట్‌కేసులో దూరింది. వాసన వెంట చీమలు దూరాయి. కౌంటరు దగ్గర నిలబడ్డ కస్టమర్లు నా వైపు ముక్కు ఎగబీల్చేవారు. నాకు ఒళ్లు మండేది గానీ, పండిన కాయను మునిరత్నమ్మ రెండుగా విప్పి ఓ చెక్క చేతిలో పెడితే మాత్రం మాట్లాడకుండా తినేదాన్ని.

అసలు చిక్కు వానలు కాస్త వెలిసాక మొదలైంది. అది చెప్పేముందు మీకో మాట చెప్పాలి. అప్పట్లో నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టే ఇంత జరిగింది. తమిళంలో పని అంటే మంచు. పొద్దున్నే కమ్ముకునే పొగమంచు. మన పనిని వాళ్లు వేల అంటారు. మునిరత్నమ్మ కుటుంబం తమను పిలిచిన రాజు ఎవరో మరిచిపోయినట్టే, మన పనిని కూడా ఎప్పుడో మరిచిపోయి వేల అనడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో పని అంటే మంచు, అంతే.

ఓ రోజు చీకటితోనే తలుపు దబదబా మోగింది.

"పాపా, పని వచ్చిండాది. లెయ్."

నేను దుప్పటిలోంచే, "ఇప్పుడా పిన్నీ?" అన్నాను.

"ఇప్పుడు గాక? నువ్వు ఆపీసు పోయేలోపల పని అయిపోతాది. బిన్నా రా, మిద్ది మీదికి."

లుంగీల కట్టలు వచ్చి ఉంటాయి, మిద్దె మీదికి మోయడానికో మడతలు పెట్టడానికో మనిషి కావాలి కాబోలు అనుకున్నాను. అద్దె ఇచ్చేది నేను, చాకిరీ కూడా నేనేనా అని మండిపోయింది. తలనొప్పిగా ఉందన్నాను. మరునాడు మళ్లీ అదే పిలుపు. కడుపునొప్పి అన్నాను. రోగాలు అయిపోయాక, ఓ రోజు గట్టిగానే చెబుదామని తలుపు తీశాను.

"పిన్నీ, నాకు బ్యాంకులోనే బోలెడు పని. అదే భరించలేకపోతున్నాను."

ఆమె ముఖంలో నేను ఊహించిన కోపం లేదు. నోరు తెరిచి నా వంక చూసింది. "బ్యాంకు లోపలా?"

"లోపలే."

"కిటికీలు మూయరా?"

"కిటికీలు మూసే ఉంటాయి పిన్నీ. అయినా పని తగ్గదు. మధ్యాహ్నానికి ఇంకా పెరుగుతుంది."

"మధ్యానమా!" అని బుగ్గ నొక్కుకుంది. "మేనేజరు ఏం చెప్పడా?"

"ఆయనే కదా పిన్నీ ఇచ్చేది."

ఆ మాటకు ఆమె నా చెయ్యి పట్టుకుని, "నెత్తికి గుడ్డ కట్టుకొని కూచో పాపా. పనిలో తడిస్తే జలుబు చేస్తాది. ఎవురన్నా ఏమన్నా అంటే నా పేరు చెప్పు" అంది. ఆ సాయంత్రం నుంచి మిరియాల రసం పెట్టి పంపడం మొదలుపెట్టింది. నా పని భారం అర్థం చేసుకున్న మనిషి ఈ ఊళ్లో ఒక్కరైనా ఉన్నారని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రసం కూడా బాగుండేది.

కొన్నాళ్లకు, మిట్టమధ్యాహ్నం, బ్యాంకు గుమ్మంలో ఓ ఆకారం నిలబడింది. ఒంటి నిండా ఉన్ని శాలువా. తల మీద, చెవులు మూసేలా, పోయిన నాయుడి మంకీ క్యాప్. దానిలోంచి రెండు ముక్కుపుడకలు మెరిశాయి. మునిరత్నమ్మ లోపలికొచ్చి, ముందు కిటికీలు చూసింది, తర్వాత తలెత్తి ఫ్యాన్ల వైపు చూసింది. తిన్నగా మా మేనేజరు బల్ల దగ్గరికెళ్లి తమిళంలో, "పని ఎంగ సార్?" అని అడిగింది. మంచు ఎక్కడ సార్, అని. ఆయన చెమట తుడుచుకుంటూ ఆమె టోపీ వంక చూశాడు. ఆమె నా వైపు వేలు పెట్టి, ఈ పాపకు ఇక్కడ రోజూ పని ఇస్తున్నారట, మధ్యాహ్నం కూడా వదలడం లేదట, బిడ్డ ముఖం వాడిపోయింది, కిటికీ సందులు బాగు చేయించండి అని గట్టిగా దబాయించింది. బ్యాంకంతా వింటోంది.

మేనేజరుకు కాస్త తెలుగు వచ్చు. నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నట్టున్నాడు, ఒక్కసారిగా బల్ల మీద తల ఆనించి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లు తుడుచుకుంటూ, "మేడమ్, మీ తెలుగులో పని, మా తమిళంలో మంచు. ఆమె మిమ్మల్ని మంచు చూడ్డానికి పిలుస్తున్నారు, మీరు వేలకు అనుకుంటున్నారు" అని విప్పి చెప్పాడు. క్యూలో ఉన్నవాళ్లు పడిపడి నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. మునిరత్నమ్మ ఒక్కతే నవ్వలేదు. మంకీ క్యాప్ తీసి మడిచి చంకలో పెట్టుకుని, "అయితే తలనొప్పి కూడా అబద్ధమేనా?" అంది.

మరునాడు తలుపు మోగగానే మిద్దె మీదికి వెళ్లాను. వెళ్లక ఏం చేస్తాను. పరిచిన గోనెసంచి మీద ఆమె కూర్చుని ఉంది. ఎదురుగా గిన్నెలో ఉప్పేసి ఉడికించిన పచ్చి చెనక్కాయలు, వాటి మీద ఆవిరి. పక్కన బెల్లం కాఫీ. చుట్టూ తెల్లగా ఉంది తప్ప ఏమీ లేదు. ఊరి వెనక కొండలు లేవు, ఏరు లేదు, పక్కిల్లు కూడా లేదు. ఎక్కడో వేలూరు బస్సు హారను మాత్రం వినిపించింది.

"ఏం చూడాలి పిన్నీ?" అన్నాను.

"ఏమీ అగపడదు గదా. అదే చూడాల."

"ఎందుకు?"

"ఊరికే వచ్చేది. ఎందుకని ఎవురన్నా అడుగుతారా? చెనక్కాయ తిను."

తిన్నాను. వేడి ఉప్పునీళ్లు వేళ్ల వెంట మోచేతి దాకా కారాయి. పొద్దు పొడిచేకొద్దీ ఊరు ఒక్కటొక్కటిగా తిరిగొచ్చింది. ముందు ఎవరిదో నీళ్ల ట్యాంకు, తర్వాత మసీదు మినారు, తర్వాత కొబ్బరి చెట్ల తలలు. ఎదురింటి గోడ బయటపడుతుంటే మాత్రం మునిరత్నమ్మ పళ్లు నూరింది. "ఆ కాంతమ్మ ఇల్లు రొంతసేపు అగపడకుండా ఉంటే ఏం పోయింది దీనికి?" అంది. రోజంతా కట్టల వెంట, కూలీల వెంట అరిచే మనిషి ఆ కాసేపూ గొంతు తగ్గించి మాట్లాడేది. కొండ మొదలు నుంచి కాకుండా శిఖరం నుంచి కనబడడం మొదలుపెట్టినప్పుడు, ఆర్డరు సంగతి నాకు గుర్తే లేదని కిందికి దిగాక తెలిసింది. ఆ ఊరికి వచ్చాక అంత సేపు దాన్ని మరిచిపోవడం అదే మొదలు. ఆ తర్వాత తలుపు మోగాల్సిన అవసరం లేకుండానే లేచేదాన్ని గానీ, మోగేదాకా ఆగేదాన్ని. ఆ దబదబ కోసం.

కార్తిక దీపం పండగ వెళ్లాక బదిలీ ఆర్డరు వచ్చింది. సొంత ఊరికే. వెళ్తానో మాననో త్వరగా తేల్చి చెప్పమన్నాడు మేనేజరు. నేను వద్దంటే ఆ చోటు కోసం ఇంకొకరు ఎదురుచూస్తున్నారట. నాన్న ఫోనులో ఆనందంతో నా మాట వినిపించుకోవడమే లేదు. నేనూ ఆనందపడాలి. ఎందుకో ఆర్డరు చేతిలో పెట్టుకుని మెట్ల మీద చాలాసేపు కూర్చుని, తర్వాత కిందికెళ్లి మునిరత్నమ్మతో చెప్పాను. ఆమె లుంగీలు మడతపెడుతోంది. మడత ఆపలేదు.

"మంచిది. పో" అంది. ఇంకో లుంగీ అందుకుని, "మీ ఊర్లో పని ఉంటాదా?" అని అడిగింది.

ఈసారి నాకు అర్థం కావడానికి ఎవరూ విప్పి చెప్పాల్సి రాలేదు. "ఉండే ఉంటుంది పిన్నీ. నేనే ఎప్పుడూ లేచి చూడలేదు."

"ఇప్పుడు తెలిసింది గదా. ఆడ చూసుకో" అని, మడిచిన లుంగీనే మళ్లీ దులిపింది.

మరునాడు మెలకువ వచ్చేసరికి కిటికీ తెల్లగా ఉంది. ఆ ఏడాదికి అంత మంచు అదే. దుప్పటిలోనే ఎదురుచూశాను. కింద గడియ తీసిన చప్పుడు, గిన్నె చప్పుడు, ఆమె దగ్గు, అన్నీ వినిపించాయి. తలుపు మాత్రం మోగలేదు. ఆమె లెక్కలో నేను వెళ్లిపోయిన మనిషిని, ఇక పిలవనక్కర్లేదు. ఏ చప్పుడును తప్పించుకోవడానికి తలనొప్పులూ కడుపునొప్పులూ తెచ్చిపెట్టుకున్నానో, అది వినబడకపోతే నాకు ఏడుపొచ్చింది. ఇంత చిన్నదానికి ఏడుస్తున్నానే అని ఇంకా ఏడుపొచ్చింది. మా ఊరికి వెళ్లినా సూట్‌కేసు మనిషిగానే ఉంటానేమో, అక్కడ ఇంకో ఆర్డరు కోసం చూస్తానేమో అని మొదటిసారి భయమేసింది.

లేచి, మెట్లు దిగి, ఆమె తలుపు దబదబా కొట్టాను.

"పిన్నీ, పని వచ్చిండాది. లెయ్."

లోపలి నుంచి, "పోయేదానికి నీకెందుకమ్మా పని?" అంది గొంతు.

"పోవడం లేదు."

తలుపు తెరుచుకుంది. నాయుడి మంకీ క్యాప్ తలకు పెట్టుకునే ఉంది. అంటే మిద్దె ఎక్కడానికే సిద్ధమై, ఎక్కకుండా కూర్చుంది. "నిన్ను ఎవురు ఉండమన్నారు?" అంది.

"మీరే కదా తలుపు కొట్టి పిలిచింది."

ఆమె ముక్కుపుడకలు రెండూ ఒకసారి కదిలాయి. "పిలిచినా" అంది. "పొమ్మని నేను చెప్పల్యా." చెంగుతో ముక్కు తుడుచుకుని, పనిలో నిలబడితే జలుబు అని సణుగుతూ, చెనక్కాయల గిన్నె నా చేతికిచ్చి ముందు నడిచింది.

ఆ సాయంత్రం నాన్న ఫోను చేస్తే, "నేను రావడం లేదు నాన్నా. ఇక్కడ నాకు పని ఉంది" అన్నాను. అటు వైపు నుంచి బొంగురు గొంతుతో, "పని ఉంటే సరేనమ్మా. నీకు ఇంత బాధ్యత వస్తుందని అనుకోలేదు" అన్నాడు. బ్యాంకు పని కోసం సొంత ఊరినే వదులుకున్న కూతురని తెనాలిలో వీధంతా చెప్పుకున్నాడు. నేను సవరించలేదు. ఆ రాత్రే సూట్‌కేసు ఖాళీ చేసి, బట్టలన్నీ బీరువాలో సర్దబోతే, మునిరత్నమ్మ వచ్చి కింది అర ముందు నిలబడింది. "ఇది మాత్రం నాది" అంది. ఇచ్చేశాను.

తర్వాత నాకు వేలూరులో పెళ్లయింది, ఆ ఊళ్లోనే తొరపాడికి వచ్చాం. ప్రతి ఏడూ ఈ కాలంలో గుడియాత్తం వెళ్లి ఓ పొద్దున ఆమె మిద్దె మీద కూర్చుని వచ్చేదాన్ని. ఆమె చనిపోయిన ఏడాది వెళ్లలేకపోయాను. ఆ మిద్దె ఎక్కే ధైర్యం లేకపోయింది. సీతాఫలాలు మాత్రం కొన్నాను. ఆమె లేని లోటు నాకు ఇప్పటికీ ఉంది. మళ్లీ బదిలీలు వచ్చాయి, పైవాళ్ల కోపాలు, ఇంట్లో జ్వరాలు, అన్నీ వచ్చాయి. కాళ్ల కింద నేల కదిలినట్టున్న రోజుల్లో కూడా నా బీరువా కింది అర ఖాళీగా లేదు, నా బట్టలు పెట్టెలో లేవు.

ఈ పొద్దున శాలువా కప్పుకుని బాల్కనీ తలుపు తీస్తే ఎదురుగా జైలు రోడ్డు లేదు, ఆటో స్టాండు లేదు, అంతా తెల్లగా ఉంది. పొయ్యి మీద చెనక్కాయలు పెట్టి, మా అమ్మాయి గది తలుపు దబదబా కొట్టాను.

"పాపా, పని వచ్చిండాది. లెయ్."

"అమ్మా, ప్లీజ్. నాకు స్కూల్లోనే బోలెడు పని."

"స్కూలు లోపలా? కిటికీలు మూయరా?"

ఈ కథ అది పుట్టినప్పటి నుంచి వింటోంది. "కిటికీలు మూసే ఉంటాయమ్మా, అయినా పని తగ్గదు" అని విసుక్కుంటూ, దుప్పటి నెత్తి మీద కప్పుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.